అర్థం కాని మాటకు తలూపితే ఒప్పుకున్నట్టేనా?

తాండాకు ఇంగ్లీషులో ఒక నోటీసు వస్తుంది. హాస్టల్ నుంచి సెలవులకు వచ్చిన పిల్లవాడి చేతికి దాన్ని ఇస్తారు. "ఏం రాసిండ్రు బిడ్డా?" అని తాత అడుగుతాడు. పిల్లవాడు పైనుంచి కిందికి చూసి, "ఏం లేదు తాతా, సర్వే అట" అంటాడు. చదువుకున్న మనలో ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు అననివాళ్లు తక్కువ. తెలియదని చెప్పడానికి సిగ్గుపడి 'ఏం లేదు' అంటాం. తాత మనల్ని నమ్మి వేలిముద్ర వేస్తాడు. దాన్ని ఒప్పుకోలు అనవచ్చా?

మన ప్రాంతం సంగతే చూద్దాం. నల్గొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టు దగ్గర యురేనియం తవ్వకాల ప్రతిపాదన మీద 2003లో 'పబ్లిక్ హియరింగ్' జరిగింది. తెలుగులో దాన్ని ప్రజాభిప్రాయ సేకరణ అంటున్నాం. హియరింగ్ అంటే వినడం. విన్నవాళ్లు మన మాటకు కట్టుబడాలని ఆ పేరులో లేదు. మన 'వద్దు' రాతలోకి ఎక్కిందా లేదా అన్నది చూసుకోవాలి, ఆ తర్వాత నిర్ణయం ఎక్కడ జరుగుతుందో కనిపెట్టుకుని ఉండాలి. ఈ సంగతి తెలియకపోతే, మైకులో చెప్పేశాం కదా అనుకుని ఇంటికి పోతాం.

అమ్రాబాద్ నల్లమలలో 2019లో చెంచుల ముందుకు వచ్చిన మాట వేరు. అక్కడ సూత్రప్రాయంగా అనుమతించింది 'మైనింగ్'ను కాదు, సుమారు 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం 'ఎక్స్‌ప్లొరేషన్'ను. అంటే ఖనిజం ఉందో లేదో వెతకడం. మాట అబద్ధం కాదు. కాని అడవిలో బోర్లు వేసి వెతికేది దొరికితే వదిలేయడానికి కాదు కదా! జనం ఆ మాట వెనక రాబోయే మాటను కూడా చదివారు. అందుకే నల్లమల అంతా కదిలింది. ఆ ఏడాది సెప్టెంబరు 16న రాష్ట్ర శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది.

చట్టాల్లో ఇంకో రెండు మాటలు ఉన్నాయి: 'కన్సల్ట్', 'కన్సెంట్'. చెవికి అక్కాచెల్లెళ్లలా వినిపిస్తాయి. 1996 నాటి పెసా చట్టం భూసేకరణకు ముందు గ్రామసభను గాని పంచాయతీని గాని 'కన్సల్ట్' చేయాలంటుంది. అంటే అడగాలి, సంప్రదించాలి. 2013 నాటి భూసేకరణ చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ముందస్తు 'కన్సెంట్' కావాలంటుంది. అంటే సమ్మతి. మొదటిదానిలో మనల్ని అడిగితే వాళ్ల పని తీరింది. రెండోదానిలో మనం సరే అంటే తప్ప తీరదు. ఒక్క మాట తేడాతో భూమి పోవచ్చు, ఉండవచ్చు.

'షెడ్యూల్డ్' అన్న మాటనూ మనం రోజూ వాడుతున్నాం. దానికి అర్థం జాబితాలో చేర్చినది అని. ఏ జాబితా అని మాత్రం అడగం. 1976 చట్టంతో తెలంగాణ జిల్లాల లంబాడీలు షెడ్యూల్డ్ తెగల జాబితాలో చేరారు. షెడ్యూల్డ్ ఏరియా జాబితా వేరు. అందులో పాత మహబూబ్‌నగర్ జిల్లా నల్లమల గ్రామాలు కొన్ని ఉన్నాయి, నల్గొండ జిల్లాకు చోటు లేదు. కాబట్టి దేవరకొండ తాండాలోని మనిషి ఎస్టీయే అయినా అతని పొలానికి 1/70 కాపలా లేదు, అతని గ్రామానికి పెసా వర్తించదు. సర్టిఫికెట్ చేతిలో ఉంది కదా అని భూమికి భయం లేదనుకుంటే మోసపోతాం.

చట్టం తెలియదని తప్పించుకోలేరని కోర్టుల్లో అంటారు. చదవగలిగినవాడికి ఆ మాట న్యాయమే. గోర్ బోలి మాట్లాడే అవ్వకు ఆ కాగితం ఇంగ్లీషు నుంచి తెలుగులోకి, తెలుగు నుంచి ఇంటి మాటలోకి రెండు వాగులు దాటి రావాలి. వాగు దాటించకుండా 'చదివి వినిపించాం' అనడం ధర్మం కాదు. అర్థమయ్యేలా చెప్పే బాధ్యత సంతకం అడిగేవాడిదే. అర్థం కానిదానికి వేసిన వేలిముద్ర సిరా మరక మాత్రమే.

ఆ బాధ్యతలో మనకూ వాటా ఉంది. మన చదువుకు తాండా తన కష్టం పెట్టింది. సభల్లో మనమే 'అవేర్‌నెస్', 'ఎంపవర్‌మెంట్' అని పలికి పెద్దల ముందు గొప్పలు పోతే, నోటీసు పంపినవాడికీ మనకూ తేడా ఏముంది?

ఉపాధ్యాయ మిత్రులు ఇంగ్లీషు మాటకు తెలుగు మాట రాయించి ఊరుకోవద్దు. ఊరికి వచ్చిన ఒక నోటీసునే పాఠంగా తీసుకుని పిల్లల చేత మూడు ప్రశ్నలు అడిగించండి. ఈ మాట వల్ల ఎవరు ఎవరిని అడగాలి? మనం కాదంటే ఏమవుతుంది? ఎన్ని రోజుల్లో జవాబివ్వాలి? ఆ జవాబులు ఇంటి భాషలో అవ్వకు చెప్పి రమ్మనండి. అవ్వ తిరిగి తన మాటల్లో చెప్పగలిగితేనే పాఠం వచ్చినట్టు.

ఈసారి తాత కాగితం చేతికిస్తే 'ఏం లేదు' అనకుందాం. "ఈ మాట నాకు తెల్వదు తాతా, తెలుసుకొని చెప్త. అప్పటిదాంక వేలు పెట్టకు" అందాం. అలా చెప్పడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.