మాత్ర మానితే మొక్కు తీరినట్లా?



గుణదల మాత ఉత్సవాలకు వెళ్లివచ్చిన ఒక గృహిణి నాతో ఇలా అన్నది: "ఫాదర్‌గారూ, ఇక థైరాయిడ్ మాత్ర మింగనని అమ్మకు మొక్కుకున్నాను. పది రోజులైంది, నాకేమీ కాలేదు. అమ్మే బాగుచేసింది."

ఆమె భక్తిని నేను శంకించను. కాని రోజూ మాత్ర మింగడం విశ్వాసలోపమా?

ముందు వాస్తవం చూద్దాం. మెడ ముందు భాగంలో ఉండే థైరాయిడ్ గ్రంథి తగినంత హార్మోను స్రవించకపోతే నీరసం, మలబద్ధకం, దిగులు కలుగుతాయి. ఆ లోటును లెవోథైరాక్సిన్ మాత్ర పూడ్చుతుంది. ఈ మందు శరీరంలో సగానికి తగ్గడానికే సుమారు 7 రోజులు పడుతుంది. కనుక పది రోజులకు ఏమీ తెలియకపోవడం అద్భుతం కాదు. మునుపటి మందే ఇంకా పనిచేస్తున్నది.

మరి మొక్కు మాటేమిటి? 1983 నాటి శ్రీసభ చట్టం 1191వ నిబంధన ప్రకారం, సాధ్యమైనదీ, మరింత శ్రేష్ఠమైనదీ అయిన మేలును దేవునికి వాగ్దానం చేయడమే మొక్కు. దేవుడు అప్పగించిన శరీరాన్ని పాడుచేసుకోవడం శ్రేష్ఠమైన మేలు ఎలా అవుతుంది? సందేహముంటే మీ విచారణ గురువును అడగండి. తగిన కారణముంటే వ్యక్తిగత మొక్కు నుండి విడుదల చేసే అధికారం ఆయనకున్నది.

దైవానుగ్రహం ప్రకృతిని త్రోసివేయదు, పరిపూర్ణం చేస్తుందని పునీత తోమా అక్వినాసు బోధించాడు. వైద్యుణ్ణీ, నేలనుండి వచ్చే ఔషధాలనూ దేవుడే కలుగజేశాడని సీరా జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం చెబుతున్నది. వైద్యుని చేతిమీదుగా జరిగే స్వస్థత మాత్రం దేవుని పని కాదా?

దీనికి రెండవ ప్రక్క కూడా ఉన్నది. టి.ఎస్.హెచ్. కాస్త పెరిగి, టి4 సరిగా ఉన్నవారందరికీ మాత్ర అవసరముండదు. కొన్ని నెలలాగి మళ్లీ పరీక్ష చేయిద్దామని వైద్యుడు అనవచ్చు. గర్భిణుల విషయం వేరు. అవసరం లేని మందుకై పట్టుబట్టడమూ, అవసరమైనదాన్ని మానడమూ రెండూ అవివేకమే.

కుష్ఠరోగిని స్వస్థపరచిన క్రీస్తు ప్రభువు, వెళ్లి యాజకునికి చూపించుకొమ్మని అతణ్ణి పంపాడు. నిజమైన స్వస్థత పరీక్షకు వెరవదు. స్వస్థత కలిగిందని తోస్తే ముందు వైద్యునికి చూపించుకోండి. మాత్ర ఉంచాలో మానాలో ఆయన చెబుతాడు.

ఉదయపు పూజకు ముందు మాత్ర వేసుకుంటే ఉపవాసం చెడుతుందన్న భయం వద్దు. నీళ్లు, మందులు దివ్యసత్ప్రసాద ఉపవాసాన్ని భంగపరచవు.

ఆ సోదరి మళ్లీ మాత్ర మొదలుపెట్టింది. పరగడుపున మాత్ర వేసుకున్నాక కాఫీకి కనీసం అరగంట ఆగాలి కదా! ఆ సమయంలో జపమాల చెప్పుకొమ్మన్నాను. అమ్మకు ఇష్టమైన మొక్కు అదే.