ఆరడుగుల నేల

ప్రార్థన కూటం అయిపోయాక పెద్దవయసు వాళ్లు నలుగురు మిగిలితే, మా విశాఖలో ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న వచ్చి తీరుతుంది: కాల్చేస్తే పునరుత్థానంలో లేస్తామా? అడిగేవాళ్ల గొంతులో నిజమైన భయం ఉంటుంది. చిన్నప్పటి నుంచి విన్నది అదే కదా. కడవరి బూర మోగుతుంది, సమాధులు తెరుచుకుంటాయి, ప్రభువునందు నిద్రించినవాళ్లు ముందు లేస్తారు. అసలు సమాధే లేకపోతే తెరుచుకునేది ఏమిటి? ఈ భయాన్ని కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు. కానీ దీనికి జవాబు పద్దెనిమిది వందల ఏళ్ల కిందటే దొరికిందనీ, మనం తేల్చుకోవలసింది వేరే ఉందనీ గట్టిగా నమ్ముతాను.

క్రీ.శ. 177లో, ఇప్పటి ఫ్రాన్సులో ఉన్న లియోను పట్టణంలో క్రైస్తవులను హింసించి చంపారు. చంపి ఊరుకోలేదు. శవాలను ఆరు రోజులు ఆరుబయట పడేసి, తర్వాత కాల్చి, బూడిదను రోను నదిలోకి ఊడ్చేశారు. వీళ్ల దేవుడు ఇక వీళ్లను ఎలా లేపుతాడో చూద్దామనే ఆ పని చేశారని యుసేబియసు రాసిన చర్చి చరిత్రలో ఉంది. మిగిలిన విశ్వాసులు తమవాళ్లకు పునరుత్థానం పోయిందని అనుకోలేదు. ఆ బూడిదైనవాళ్లనే హతసాక్షులన్నారు. అంతకుముందు స్ముర్నలో బిషప్ పోలికార్పు శరీరాన్ని కాల్చినప్పుడు ఎముకలు ఏరి తెచ్చుకుని భద్రంగా పెట్టుకున్నారు. తర్వాత కొంతకాలానికి మినూషియస్ ఫెలిక్స్ అనే రోమను న్యాయవాది ఈ సంగతి తేటగా రాశాడు: పాతిపెట్టడం పాతదీ మంచిదీ అయిన ఆచారం కాబట్టి పాటిస్తున్నామే తప్ప, కాలిస్తే ఏదో నష్టం జరుగుతుందని కాదు. బైబిల్లోనే చూడండి. యాబేష్గిలాదు వాళ్లు రాత్రంతా నడిచివెళ్లి, గోడకు తగిలించిన సౌలు శవాన్నీ అతని కొడుకుల శవాలనూ దించి తెచ్చి, కాల్చి, ఎముకలను చెట్టు కింద పాతిపెట్టారు. ఆ పనిని గ్రంథం పరాక్రమంగా చెప్పింది గానీ పాపమని అనలేదు.

మరి ఆ తొలి క్రైస్తవులు పాతిపెట్టడానికే అంత ప్రాణం ఎందుకు పెట్టారు? చర్చి పెట్టెలో వేసిన కానుకలతో బీదవాళ్లకు అన్నం పెట్టడం, వాళ్లు పోతే పాతిపెట్టడం చేస్తామని తొలినాటి క్రైస్తవ రచయిత టెర్టూలియను రాశాడు. నాలుగో శతాబ్దంలో జూలియను చక్రవర్తి, ఈ మతమంటే బొత్తిగా గిట్టనివాడు, ఇది ఇంతగా పెరగడానికి కారణాల్లో చనిపోయినవాళ్ల సమాధుల మీద వీళ్లు చూపే శ్రద్ధ ఒకటని తన పూజారికి ఉత్తరం రాశాడు. దిక్కులేని మనిషి చస్తే అతని కోసం గొయ్యి తవ్వే చేతులున్నాయి. ఊళ్లకు ఊళ్లు ఆ చేతులను చూసి ఇటు తిరిగాయి.

శారా చనిపోయినప్పుడు అబ్రాహాము హేతు వంశస్థుల ముందు నిలబడి, నేను మీ మధ్య పరదేశిని, నా భార్యను పాతిపెట్టుకోవడానికి జాగా ఇవ్వండని అడిగాడు. నాలుగు వందల తులాల వెండి తూచి ఇచ్చి ఎఫ్రోను పొలం, మక్పేలా గుహ కొన్నాడు. దేశమంతా నీదేనని దేవుడు మాటిచ్చిన మనిషికి మొదట దక్కిన నేల భార్య సమాధి. ఆ అధ్యాయం చదివిన ప్రతిసారీ నాకు ఉక్కు ఫ్యాక్టరీ కోసం, పోర్టు కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చి విశాఖలో స్థిరపడ్డ మా వాళ్లు గుర్తొస్తారు.

వాళ్ల దగ్గరికి వచ్చేముందు ఒక మాట. పాతిపెట్టడం దొరలతో వచ్చిన పద్ధతి అని మన ఊళ్లో చాలామంది అనుకుంటారు. భీమిలిలో డచ్చి వర్తకుల సమాధులు, వన్‌టౌన్‌లో తెల్లవాళ్ల పాత సమాధుల తోట చూస్తే అలాగే అనిపిస్తుంది. 1805లో లండన్ మిషను నుంచి విశాఖపట్నం వచ్చిన జార్జి క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజెస్ తెలుగు నేర్చుకుని సువార్తలను తెలుగు చేస్తూ, 1809లో ఒకరు, 1810లో ఒకరు ఈ గడ్డ మీదే పోయారు. వాళ్ల సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యేనాటికి ఇద్దరూ లేరు. కానీ వీళ్లెవరూ రాకముందే మాలపేటలు, మాదిగపేటలు చనిపోయినవాళ్లను ఎక్కువగా పాతిపెట్టే పంపించాయి. జంగాలు కూర్చోబెట్టి సమాధి చేస్తారు. సన్యాసికీ పసిబిడ్డకూ చితి పేర్చరు. కట్టెలు కొనలేనివాడికి మట్టే దిక్కయింది. అందుకని పల్లెలో ఒక దళిత కుటుంబం బాప్తిస్మం తీసుకున్నాక మారినది పద్ధతి కాదు. అంతకుముందు వాగుగట్టున గుర్తు లేని గుంట. ఇప్పుడు పెట్టె, పాట, శిలువ, అన్నిటికీ మించి పేరు చెక్కిన రాయి. బతికినన్నాళ్లూ ఒరేయ్ అని పిలిపించుకున్న మనిషికి పూర్తి పేరు, పుట్టిన తేదీ, ప్రభువునందు నిద్రించిన తేదీ. మన దగ్గర క్రైస్తవ సమాధికి ఉన్న బలమంతా నాకు ఆ రాయిలోనే కనిపిస్తుంది.

శ్మశానం గురించి తెలుగువాళ్ల నోళ్లలో ఎక్కువగా నానిన పద్యాలు రాసిందీ క్రైస్తవ ఇంట పుట్టిన దళిత కవి గుర్రం జాషువాయే. ఆయన ‘శ్మశానవాటి’ పద్యాలు హరిశ్చంద్ర నాటకంలో కాటిసీనులో చేరిపోయి, వేసిన ప్రతిచోటా జనం వన్స్‌మోర్ కొట్టి మళ్లీ మళ్లీ పాడించుకున్నారు. అయినా ఊళ్లలో శ్మశానాలు కులానికొకటిగానే మిగిలాయి. అక్కడ కూడా చోటు దొరకని వాళ్లున్నారు. 2025 జనవరి 7న బస్తర్‌లోని ఒక పల్లెలో ఒక పాస్టరు చనిపోయారు. సొంత ఊళ్లో పాతిపెట్టనివ్వలేదు. శవం మార్చురీలో ఉండగానే కొడుకు హైకోర్టుకు, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లాడు. జనవరి 27న ఇద్దరు న్యాయమూర్తులు చెరో అభిప్రాయం చెప్పారు. సొంత పొలంలో పెట్టుకోనివ్వాలని ఒకరు, క్రైస్తవులకు కేటాయించిన చోటే పెట్టాలని ఒకరు. శవాన్ని ఇంకా ఆపడం తగదని, చివరికి ఇరవై కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న కర్కపాల్ సమాధుల స్థలంలో పెట్టమన్నారు. తండ్రిని మట్టిచేయడానికి కొడుకు దేశంలోని అతిపెద్ద కోర్టు మెట్లెక్కాడు. పలుకుబడి ఉన్నవాళ్ల సంగతి వేరు. 2009లో వై.ఎస్. రాజశేఖరరెడ్డిని ఇడుపులపాయలో సొంత ఎస్టేటులోనే సమాధి చేశారు.

ఇక విశాఖ. 1933లో పోర్టు తెరిచారు. 1971లో ఉక్కు ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగింది, 1992లో దాన్ని జాతికి అంకితం చేశారు. గోదావరి జిల్లాల నుంచి, కృష్ణా గుంటూరుల నుంచి, శ్రీకాకుళం పల్లెల నుంచి వచ్చిన విశ్వాసులు ఉక్కునగరం క్వార్టర్లలో పిల్లల్ని పెంచారు, రిటైరై గాజువాకలోనో కూర్మన్నపాలెంలోనో ఫ్లాటు కొనుక్కున్నారు. ఫ్లాటుకు పెరడుండదు. పాత మిషను చర్చిలకు సమాధుల తోటలున్నాయి, కానీ అవి సభ్యులకే, అవీ నిండిపోయాయి. ఈ ముప్పై నలభై ఏళ్లలో పుట్టిన సంఘాలు చాలావరకు అద్దె హాళ్లలో, మేడమీద రేకుల షెడ్లలో నడుస్తాయి. మైకు, కీబోర్డు, కుర్చీలు అన్నీ ఉంటాయి. ఆరడుగుల నేల ఉండదు. ఆ సంఘంలో ఎవరైనా పోతే, అర్ధరాత్రి అంబులెన్సు మాట్లాడుకుని, వదిలి వచ్చి నలభై ఏళ్లయిన ఊరికి శవాన్ని తీసుకెళ్లడం నేను చూస్తూనే ఉన్నాను.

మా పిన్నికి ఆ ఇబ్బంది రాలేదు. మా చిన్నాన్న ప్లాంటులో పనిచేసేవాడు, ముందే పోయాడు. పాత సమాధుల తోటలో ఆయన సమాధి ఉంది. కొత్త జాగా లేదు కాబట్టి అదే తెరిచి పిన్నిని కూడా అందులోనే పెట్టమన్నారు. పొద్దున్నే వెళ్లి దగ్గర నిలబడ్డాను. తవ్వే ఆయన పలకను గునపంతో జరిపి, గోతిలోకి దిగి, మట్టి చేత్తో తీయడం మొదలుపెట్టాడు. పెట్టె చెక్క పొడిపొడిగా వచ్చింది. ఇత్తడి పిడి ఒకటి, బెల్టు బకిలు ఒకటి దొరికాయి. తర్వాత ఎముకలు, మట్టిరంగులో, నేననుకున్నదానికంటే చిన్నగా. ఒక్కోటీ తుడిచి తెల్లగుడ్డ మీద పెట్టాడు. పుర్రెను మాత్రం రెండు చేతులతో ఎత్తి పైకి అందించాడు.

“అన్నీ ఏరీసినాను బాబూ. మూట తలాపునెట్టీమంటారా, కాళ్లకాడెట్టీమంటారా?”

మా తమ్ముడు మాట్లాడలేకపోయాడు. తలాపునే పెట్టమన్నాను. సాయంత్రం పిన్ని పెట్టె దిగినప్పుడు ఆ మూట ఆమె తల దగ్గరే ఉంది. అందరం పిడికెడు మన్ను వేశాం.

నిప్పు గంటన్నరలో చేసేదాన్ని మట్టి ఇన్నేళ్లు తీసుకుని చేసిందని ఆ గోతి పక్కన నిలబడ్డప్పుడు అర్థమైంది. మిగిలేది రెండింటిలోనూ ఒక మూటే. దేవుడు ఆ మూటలోంచి లేపగలిగితే బూడిదలోంచీ లేపగలడు. అయినా ఆ రెండు చేతులతో పుర్రెను ఎత్తిన తీరు, ఎక్కడ పెట్టమంటారని అడిగిన ఆ మాట నాకు చాలా విలువైనవి. అవి మట్టికి మాత్రమే సొంతమా? కాదనుకుంటాను.

ఎందుకు కాదనుకుంటానంటే మా వీధిలో ఒక పెద్దావిడ సంగతి ఉంది. భర్త, కొడుకులు, కోడళ్లు అందరూ హిందువులు. ఈవిడ ఒక్కతే విశ్వాసురాలు. ప్రతి ఆదివారం బైబిలు సంచి భుజాన వేసుకుని ఆటోలో చర్చికి వెళ్లేది. ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పలేదు, ఎవరూ వెంటా వెళ్లలేదు. ఇలాంటి ఆడవాళ్లు విశాఖ చర్చిల్లో ఎంతమందో. ఆవిడ పోయినప్పుడు పెద్దకొడుకు తలకొరివి పెట్టి దహనం చేస్తానన్నాడు. తల్లి మీద ప్రేమతోనే అన్నాడు, వాళ్ల పెద్దల పద్ధతి అది. ఆవిడ సంఘం పాస్టరు, కాల్చేచోటికి నేను రాను, ప్రార్థన చేయను అని చెప్పేశారు. చర్చి ఆడవాళ్లు మాత్రం వెళ్లారు. లోపలికి ఆడవాళ్లు రాకూడదంటే గేటు బయట ఎండలో నిలబడి, మంట ఆరేదాకా పాటలు పాడారు. కొడుకు బయటికి వచ్చి వాళ్లందరికీ దండం పెట్టాడు. మూడోనాడు అస్థికలు సముద్రంలో కలిపారు.

ఆ పాస్టరు చేసింది తప్పు. ఈ మాట మెత్తగా చెప్పలేను. ఆవిడ విశ్వాసం కట్టెలతో కాలిపోయేదైతే, లియోను హతసాక్షుల విశ్వాసమూ రోను నదిలో కొట్టుకుపోవాలి. 2021 ఏప్రిల్, మే నెలల్లో కోవిడ్‌తో పోయిన మన విశ్వాసుల్లో కొందరిని ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి, ఇంటివాళ్లు దగ్గరికి రాకుండానే దహనం చేశారు. వాళ్ల కుటుంబాలు ఇప్పటికీ ఆ భయంతో బతుకుతున్నాయి. వాళ్లకు మన బోధ ఏం చెబుతోంది? ఏమీ చెప్పకపోవడం కూడా ఒక బోధే అవుతుంది.

పెద్ద చర్చిలు ఈ దారిలో ఎప్పుడో నడిచాయి. యూరపులో దేవుణ్ణి కాదన్నవాళ్లు కొందరు పునరుత్థానాన్ని ఎదిరించడానికే దహనాన్ని జెండాగా ఎత్తుకుంటే, 1886లో వాటికన్ దాన్ని నిషేధించింది. 1963లో ఆ నిషేధం తీసేసింది. పాతిపెట్టడమే మేలని ఇప్పటికీ చెబుతుంది, కానీ విశ్వాసానికి విరుద్ధమైన కారణంతో ఎంచుకుంటే తప్ప దహనాన్ని కాదనదు. 2016లో ఇంకో మాట చేర్చింది: బూడిదను గాలిలో చల్లకూడదు, ఇంట్లో ఉంచుకోకూడదు, పవిత్రమైన చోట పెట్టాలి. ఇంగ్లండు చర్చి పెద్ద, కాంటర్‌బరీ ఆర్చిబిషప్ విలియం టెంపుల్ 1944లో పోతే దహనమే చేశారు. కేరళలో అలప్పుళ డయాసిస్ 2020 జూలైలో, కోవిడ్ మృతులను చర్చి సమాధుల స్థలంలోనే దహనం చేసి బూడిదను అక్కడే పాతిపెట్టడానికి ఒప్పుకుంది. 2019లో మాజీ కేంద్రమంత్రి జార్జి ఫెర్నాండెజ్‌ను ఢిల్లీలో దహనం చేసి, అస్థికలను క్రైస్తవ సమాధుల తోటలో పెట్టారు. ఆర్థోడాక్సు చర్చిలు మాత్రం దహనాన్ని ఒప్పుకోవు. వాళ్ల పట్టుదల నాకు అర్థమవుతుంది. పరిశుద్ధాత్మకు ఆలయమైన శరీరాన్ని మన చేతులతో నిప్పులో పెట్టడం ఎలా అని వాళ్లు అడుగుతారు. ఆ ప్రశ్నలో గౌరవముంది.

నాకు కూడా మట్టే ఇష్టం. విత్తనం నాటినట్టు అని పౌలు కొరింథీయులకు రాసిన అధ్యాయం విని పెరిగిన మనసు ఇంకోలా కోరుకోదు. కానీ నా ఇష్టం కోసం, జాగా లేని చెల్లిని నిప్పు దగ్గర ఒంటరిగా వదిలేయలేను. 2016 నియమంలో నాకు నచ్చింది ఆ చివరి షరతే, పవిత్రమైన చోట పెట్టాలన్నది. కాల్చారా పాతారా అన్నదానికంటే, ఆ మనిషికి పేరుతో ఒక చోటు మిగిలిందా, అక్కడికి సంఘం వెళ్లిందా అన్నదే పెద్ద ప్రశ్న. సముద్రంలో కలిసిన ఆ పెద్దావిడకు రాయి లేదు. ఆవిడ పేరు చర్చి రిజిస్టరులో కూడా ‘సభ్యత్వం రద్దు’ అనే గడిలో ఉంది. నవంబరు 2న సమాధుల పండుగకు మేము సున్నం కొట్టి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాం. ఆవిడ కోసం ఎక్కడ వెలిగించాలి?

మా సమాధుల తోటకు దక్షిణం వైపు పొడవైన ప్రహరీ గోడ ఉంది. దాని వెంట ఇటుకతో గూళ్లు కట్టించి, ఒక్కో గూటికి పేరు చెక్కిన చిన్న పలక పెట్టిస్తే, ఇప్పుడు ఇరవై సమాధులు పట్టే చోట కొన్ని వందల మందికి చోటు దొరుకుతుంది. అందులో మన చర్చి సభ్యులకే కాదు, జాగా లేని సంఘాల వాళ్లకూ హక్కు ఇవ్వాలి. దహనమైన ప్రతి విశ్వాసి దగ్గరికీ పాస్టరు వెళ్లి ప్రార్థన చేయాలని తీర్మానం రాయాలి. ఈ రెండూ కాగితం మీద పెట్టి కమిటీకి ఇచ్చాను. గోడ ఖర్చు ఎంతవుతుందో మేస్త్రీని అడిగి చెప్పమన్నారు. రెండో విషయం గురించి ఎవరూ మాట్లాడలేదు. మేస్త్రీ లెక్కతో పాటు ఆ తీర్మానాన్నీ మళ్లీ చదివి వినిపించబోతున్నాను, ఈసారి ఆ గేటు బయట పాడిన ఆడవాళ్లను కూడా వెంటబెట్టుకుని వెళ్లి.