సెలోపెహాదు కుమార్తెల మనవి

ధ్యాన భాగము: సంఖ్యాకాండము 27:1–11; యెహోషువ 17:3–4



మౌలాలి గుట్టకు దిగువనున్న ఒక విశ్వాసి యింట కుటుంబ ప్రార్థనకు వెళ్లితిని. అది రైలుబండ్ల చప్పుడుతో మేల్కొని ఆ చప్పుడుతోనే నిద్రించు పేట. వచ్చినవారిలో రైల్వేలో పనిచేసి విరమించిన పెద్దలుండిరి; ఆర్టీసీ కండక్టరుగా నున్న సహోదరుడొకడుండెను. ప్రార్థన ముగిసి టీ త్రాగుచుండగా అతడు నన్నడిగెను: “అయ్యగారూ, జీతము పెంచమని యూనియనుతో కలిసి అర్జీ పెట్టుట అవిశ్వాసమా? దేవుడిచ్చినదానితో తృప్తిపడుమని మా సంఘపెద్ద నన్ను గద్దించెను.”

“ప్రార్థన చేయుము, బాబూ” అని చెప్పి లేచి వచ్చితిని. అది జవాబు కాదని బస్సెక్కక మునుపే నాకు తెలిసెను.

సెలోపెహాదునకు కుమారులు లేరు. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అను అయిదుగురు కుమార్తెలు మాత్రమే. తండ్రి అరణ్యములో చనిపోయెను. కుమారులు లేనందున అతని పేరు మాసిపోవుట, తమకు భూమిలో పాలు లేకపోవుట ఆ ఆడపిల్లలకు న్యాయముగా తోచలేదు. వారు గుడారములో కూర్చుండి సణుగుకొనలేదు. అయిదుగురును కలిసి మోషే, ఎలియాజరు, ప్రధానులు, సర్వసమాజము ఎదుట నిలిచి మనవి చేసిరి. ఆ మనవిలో ఒక మాటను గమనించుడి. తమ తండ్రి కోరహు సమూహములో చేరినవాడు కాడని వారు ముందే చెప్పుకొనిరి. ఏలయనగా హక్కు అడుగువానిని తిరుగుబాటుదారుడనుట నాడును సులభమే, నేడును సులభమే. మోషే వారిని గద్దింపలేదు, కాగితమును ప్రక్కన పెట్టలేదు. వారి సంగతిని దేవుని సన్నిధికి తీసికొనిపోయెను. ఆ కుమార్తెలు పలికినది న్యాయమని దేవుడు తీర్పు చెప్పి, దానినే ఇశ్రాయేలీయులందరికిని కట్టడగా చేసెను.

ఇప్పుడు మన బస్సు సంగతి. 1932లో నిజాం రాష్ట్ర రైల్వే వారే 27 బస్సులతో, 166 మంది పనివారితో ఈ బస్సులను మొదలుపెట్టిరి. కనుక రైలు పనివాడును బస్సు పనివాడును ఒక తల్లి బిడ్డలే. ఆర్టీసీలో నాలుగేండ్లకొకసారి జీతములు సవరింపవలెనను ఏర్పాటున్నది. 2015లో ఎనిమిది దినముల సమ్మె తరువాత తెలంగాణలో 44 శాతము పెంచిరి. తరువాతి సవరణ 2017లో రావలసియుండెను, రాలేదు. 2018లో మధ్యంతరముగా 16 శాతము ఇచ్చిరి. 2019 అక్టోబరు 5న దాదాపు 48,000 మంది పని నిలిపిరి. సంస్థను ప్రభుత్వములో కలుపుమనునది వారి కోరికలలో మొదటిది. జీత సవరణ మరియొకటి. సాయంకాలము ఆరు గంటలలోగా పనికి రానివారు ఉద్యోగులే కారని ప్రభుత్వము ప్రకటించెను. ఖమ్మములో ఒక డ్రైవరు తనకు తానే నిప్పంటించుకొని మరణించెను. హైకోర్టులో వాదములు నడిచెను. 52 దినములకు, నవంబరు 25న, కోరినది చేతికి రాకయే వారు సమ్మె విరమించిరి. నవంబరు 29న వారిని తిరిగి చేర్చుకొనిరి. మన టిక్కెట్టు మీద కిలోమీటరుకు 20 పైసలు పెరిగెను. 2017లో రావలసిన సవరణ 21 శాతముగా 2024 మార్చిలో ప్రకటింపబడెను. ఏడేండ్లు! లాబాను యింట యాకోబు ఏడేండ్లు కొలిచిన కథ మీకు తెలియును గదా.

ఆ 52 దినములు మన గ్రామములలో ఏమంటిమి? పండుగకు బస్సు లేదని, ఆసుపత్రికి పోలేకపోతిమని విసుగుకొంటిమి. ఆ కష్టము నిజమే. అయితే “వీరికి పని చేయ మనస్సు లేదు” అనిన నోళ్లును మనలోనే యుండెను. ఈ మాట మొదట ఎవరిదో నిర్గమకాండము అయిదవ అధ్యాయములో చూడుడి. గడ్డి ఇయ్యకయే ఇటుకల లెక్క తగ్గకూడదన్నప్పుడు ఇశ్రాయేలీయుల నాయకులు ఫరోయొద్దకు మనవితో పోయిరి. అతడిచ్చిన జవాబు వారు సోమరులనియే. క్రైస్తవుని నోట ఫరో మాట ఉండతగునా?

బాప్తిస్మమిచ్చు యోహాను జీతముతో తృప్తిపడుమనెను గదా యని కొందరందురు (లూకా 3:14). నిజమే. ఆయన ఎవరితో అనెనో చూడుడి: చేతిలో ఆయుధముండి, బీదవానిని బెదిరించి డబ్బు గుంజు సైనికులతో. పిల్లల ఫీజు కట్టలేక అర్జీ వ్రాయువానితో కాదు. పనివారికి ఇయ్యక బిగబట్టిన కూలి తానే మొరపెట్టునని యాకోబు పత్రిక అయిదవ అధ్యాయము చెప్పుచున్నది.

పనివారికిని ఒక మాట గలదు. బస్సు అద్దము మీద రాయి వేయుట, పొట్టకూటికై వచ్చిన తాత్కాలిక డ్రైవరును కొట్టుట మనవి కాదు. అక్కడ కోరహు గుంపు మొదలగును.

మౌలాలి పెద్దలకు 1974 జ్ఞాపకమున్నది. ఆ మే నెల 8 నుండి 27 వరకు దేశమంతట రైల్వే పనివారు బోనసు కొరకు, ఎనిమిది గంటల పని కొరకు సమ్మె చేసిరి. వేలమంది జైలుకు పోయిరి. అనేక స్థలములలో వారి కుటుంబములను క్వార్టర్లనుండి వెళ్లగొట్టిరి. వట్టి చేతులతో పనికి మరలిరి. బోనసు 1979లో గాని రాలేదు. సెలోపెహాదు కుమార్తెలకును అట్లే జరిగెను. మోషే కాలమున తీర్పు వచ్చినను భూమి చేతికి రాలేదు. మోషే గతించెను, యొర్దాను దాటిరి. అప్పుడు వారు యెహోషువయొద్దకు మరల వచ్చి, దేవుడు ఆజ్ఞాపించెను గదా యని జ్ఞాపకము చేయవలసి వచ్చెను. రెండవసారి అడిగినందుకు వారిని అవిశ్వాసులని వాక్యము అనలేదు. ఈ సంగతినే మౌలాలి సహోదరునికి ఉత్తరములో వ్రాసితిని.

వ్రాసి ముగించి కవరు కొరకు కమిటీ మినిట్సు పుస్తకము తెరచితిని. దానిలో మడతపెట్టిన కాగితమొకటి కనబడెను. మన గుడి ఊడ్చి, గంట కొట్టు తల్లి తన జీతము పెంచుమని బడిపిల్లచేత వ్రాయించి యిచ్చినది. కోతపండుగలు రెండు దాటిపోయినవి. దానిని అక్కడ పెట్టినవాడను నేనే. ఆమె ఒక్కసారి అడిగెను, మరల అడుగలేదు; ప్రతి ఆదివారము గంట మాత్రము వేళకు మ్రోగినది.

ఈ నెల కమిటీ కూటములో మొదట చదువబడునది ఆ కాగితమే. ఆమెను రమ్మంటిని. గుమ్మమునొద్ద నిలువవద్దనియు, బల్లయొద్ద కుర్చీ వేయింతుననియు చెప్పితిని. “ఎందుకయ్యగారూ, నేను నిలుచుంటాను లెండి” అనినది.