నువ్వెవరు నాయనా?

మధ్యాహ్నం పూట తలుపు చప్పుడైతే "ఎవరు బాబూ?" అని అడగని ఇల్లాలు వుండదు. "మీటరు రీడింగండీ" అనో, "గ్యాసండీ" అనో జవాబొస్తుంది. గొలుసు తియ్యకుండానే తలుపు ఓరగా తెరిచి, మనిషిని ఒకసారి పైనుంచి కిందికి చూసి, చేతిలో మిషనుందో లేదో గమనించి, అప్పుడు రానిస్తాం. ఇందులో తప్పేముంది? వచ్చినవాడూ తప్పు పట్టుకోడు. ఇంట్లో ఒక్కతే వున్న మనిషి ఆ మాత్రం జాగ్రత్త పడకపోతేనే నలుగురూ నాలుగు మాటలంటారు.

అదే ప్రశ్న, తుపాను కొట్టిన ఊరి మొదట్లో అడ్డంగా తాడు కట్టి నిలబడ్డ కానిస్టేబులు అడిగాడనుకోండి. మనకి ఒళ్ళు మండుతుంది. "ఊరంతా చీకట్లో మగ్గుతుంటే కరెంటువాళ్ళని ఆపుతారా! బుద్ధుండక్కర్లా?" అంటాం. మన గుమ్మంలో న్యాయమైనది ఊరి గుమ్మంలో అన్యాయం ఎలా అయిందో ఆలోచించం.

అతని వైపు నుంచి కూడా కాస్త చూడండి. తాడుకి అవతల వున్నవి వదిలేసి వెళ్ళిన ఇళ్ళు. కొన్నిటికి తలుపుల్లేవు, కొన్నిటికి గోడలే లేవు. బీరువా, కుట్టుమిషను, పిల్ల పెళ్ళికని దాచిన ఇత్తడి సామాను, అన్నీ దేవుడి మీద భారం వేసి బడి వరండాలో తలదాచుకున్నవాళ్ళ ఇళ్ళవి. పులిహోర పొట్లం చేతిలో వున్నా వాళ్ళ ప్రాణం అక్కడే కొట్టుకుంటూ వుంటుంది. వాళ్ళ తరఫున కాపలా కాస్తున్నవాడే ఆ కానిస్టేబులు. 2005లో వచ్చిన విపత్తు నిర్వహణ చట్టం, దెబ్బతిన్న చోటికి ఎవరు రావచ్చో ఎవరు రాకూడదో అదుపు చేసే అధికారం జిల్లా యంత్రాంగానికిచ్చింది. అంచేత ఆ తాడు అతని సొంత పెత్తనమేమీ కాదు. ఇవాళ అతను నమ్మి వదిలినవాడు దొంగని రేపు తేలితే, అతని మంచితనాన్ని ఎవరూ మెచ్చుకోరు.

ఇక రెండో వైపు. 2014 అక్టోబరు 12, ఆదివారం నాడు హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం మీద విరుచుకుపడింది. గంటకి నూట ఎనభై కిలోమీటర్ల గాలి. కరెంటు స్తంభాలు వేల సంఖ్యలో నేలకొరిగాయి. కరెంటు లేదంటే దీపం లేదని మాత్రమే కదా మనం అనుకుంటాం! మోటారు తిరగదు కనుక అపార్టుమెంటుల్లో పై అంతస్తులకి నీళ్ళుండవు. టవర్లకి కరెంటు అందక సెల్‌ఫోన్లు మూగబోతాయి. ఆస్పత్రుల్లో జనరేటరు డీజిలు ఎన్ని గంటలొస్తుందా అని లెక్కలేసుకోవాలి. చంటిపిల్లల తల్లులు ఆ రోజుల్లో పాల పాకెట్టు కోసం, బిందెడు నీళ్ళ కోసం పడ్డ పాట్లు విశాఖ వాళ్ళనడిగితే ఇప్పటికీ చెబుతారు. స్తంభాలు నిలబెట్టడానికి ఇతర జిల్లాల నుంచి, పక్క రాష్ట్రాల నుంచి కూడా కరెంటు పనివాళ్ళు లారీల్లో వచ్చారు. ఆ ఊరికి వాళ్ళు ఒక్కరూ తెలియదు. వాళ్ళకి ఆ ఊళ్ళో వీధి పేరు తెలియదు. ఇలా వచ్చినవాళ్ళని తాడు దగ్గర గంటసేపు ఆపితే, ఆ గంట ఆస్పత్రి డీజిలు లెక్కలోంచి పోతుంది. ఆపడమూ ధర్మమే, ఆపకపోవడమూ ధర్మమే. అదే చిక్కు.

ఇది మన దేశంలోనే వచ్చిన చిక్కు కాదు. 2005 ఆగస్టు 29న అమెరికాలో కత్రినా అనే తుపాను వచ్చింది. న్యూ ఆర్లియన్స్ నగరం ఇంచుమించు ఐదింట నాలుగు వంతులు మునిగిపోయింది. ఫోన్ లైన్లు బాగుచెయ్యడానికి బయల్దేరిన కంపెనీల మనుషులు దారిలో తనిఖీల దగ్గర చిక్కుపడ్డారు. అక్కడ జిల్లాలాంటి దాన్ని పారిష్ అంటారు. ఒక పారిష్‌లో చెల్లిన పాసు పక్క పారిష్‌లో చెల్లదు! తర్వాత ప్రభుత్వ కమ్యూనికేషన్ల కమిషన్ వేసిన సంఘం 2006లో నివేదిక ఇస్తూ, ఈ పనివాళ్ళకి గుర్తింపు ఏర్పాటు విపత్తు రాకముందే జరిగివుండాలని చెప్పింది. ఇటువంటి అత్యవసర సేవలవాళ్ళని కేంద్ర శాఖలు వీలైనంతవరకు అడ్డుకోకూడదని అదే ఏడాది చట్టంలో కూడా రాసుకున్నారు. అంత డబ్బూ దస్కమూ వున్న దేశానికి కూడా ఇల్లు మునిగాక గానీ ఆ సంగతి తోచలేదు మరి.

మన వాళ్ళకి ఏనాడో తోచింది. సుందరకాండ తెలియనివాళ్ళు మనలో ఎవరున్నారు? సన్యాసి వేషంలో వచ్చినవాడి వల్ల మోసపోయి లంకలో వున్న సీతమ్మ, రామదూతనంటూ చెట్టు మీది నుంచి దిగిన హనుమంతుణ్ణి చూసి సంబరపడిపోలేదు. వీడూ రావణుడేమోనని అనుమానించింది. రాముడెలా వుంటాడో, లక్ష్మణుడెలా వుంటాడో చెప్పమంది. హనుమంతుడు ఓపిగ్గా అన్నీ చెప్పాడు. ఉంగరం ఆ తర్వాత ఇచ్చాడు. సముద్రం దాటి వచ్చిన నన్నే అనుమానిస్తావా అని చిన్నబుచ్చుకోలేదు.

నాకు ఈ కథలో ఎంతో నచ్చేది ఇంకొకటుంది. ఆ ఉంగరాన్ని రాముడు హనుమంతుడు బయల్దేరేటప్పుడే ఇచ్చి పంపాడు. సీత అనుమానిస్తుందని ఆయనకి తెలుసు. అనుమానించడం ఆమె హక్కనీ తెలుసు. గుర్తు పంపించే బాధ్యత పంపేవాడిది. అడిగే బాధ్యత గుమ్మంలో వున్నవాళ్ళది. మధ్యలో వచ్చిన దూత మీద ఏ భారమూ లేదు. మన వ్యవహారం చూడబోతే తలకిందులు. పంపినవాళ్ళు ఆఫీసుల్లో వుంటారు, ఆపినవాడు గొడుగు కింద వుంటాడు, నేనెవరినో నమ్మండి మహాప్రభో అని వానలో బతిమాలుకునేది పనిముట్లు మోసుకొచ్చినవాడు.

సరే, కార్డు వుంటే చాలా? శకుంతల ఉంగరం నీళ్ళలోనే కదా జారిపోయింది! వరదల్లో ఇల్లు మునిగిన లైన్‌మన్ కార్డు ట్రంకు పెట్టెలో వుంటుంది, ట్రంకు పెట్టె నీళ్ళలో వుంటుంది. పదేళ్ళుగా ఆ వీధి స్తంభాలెక్కి దిగినవాణ్ణి ఆ ఊరి పసిపిల్లాడు కూడా గుర్తుపడతాడు. ఎక్కడినుంచో బందోబస్తుకి వచ్చిన కానిస్టేబులు మాత్రం పట్టలేడు, పాపం. తాడు దగ్గర ఊరివాళ్ళనొకరిని కూర్చోబెడితే సగం గొడవ తీరుతుందని నాకనిపిస్తుంది. మనిషికి మనిషి సాక్ష్యం అట్టముక్క కంటే తక్కువేమీ కాదు.

బయటి ఊరివాడైతే? అప్పుడు సీతమ్మ అడిగినట్టే అడగాలి. లైను మీద చెయ్యి వేసే ముందు సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్ తీసుకోవాలి. వాళ్ళు దాన్ని "ఎల్సీ" అంటారు. అది లేకుండా స్తంభమెక్కితే, సంగతి తెలియని వాళ్ళెవరో అవతల స్విచ్చి వేస్తే ప్రాణం పోతుంది. "ఎల్సీ ఎక్కడ తీసుకుంటావయ్యా? ఎవరిస్తారు?" అని అడిగి చూడండి. నిజమైనవాడు ఠక్కున చెబుతాడు. ఇనప నిచ్చెనా, ప్లయరూ ఎక్కడైనా దొరుకుతాయి గానీ ఆ జవాబు దొంగకి అంత సులువుగా దొరకదు.

ఇంతవరకూ లైన్‌మన్ మాట. అతని వెనక లారీలో ఇంకో పదిమంది కూర్చుని వుంటారు, చూశారా? గోతులు తవ్వేవాళ్ళు, స్తంభాన్ని తాళ్ళేసి లాగి నిలబెట్టేవాళ్ళు, తీగె మోసేవాళ్ళు. కాంట్రాక్టరు తెచ్చిన కూలీలు. వాళ్ళకి ఎల్సీ సంగతి తెలియదు. సబ్‌స్టేషన్‌లో వాళ్ళనెవరూ ఎరగరు. కార్డు మాట సరే, పేరు కూడా మేస్త్రీకి తప్ప ఎవరికీ తెలియదు. "మీరెవరు?" అంటే "కరెంటు పనికొచ్చామండి" అంటారు. మామూలు రోజుల్లో వాళ్ళ పేరు ఎవరికీ అక్కర్లేదు. మనమూ మంచినీళ్ళిస్తూ "ఇదిగో అబ్బాయ్" అంటామే గానీ పేరడగం.

వాళ్ళని వదలాలా, ఆపాలా? లైన్‌మన్ పూచీ మీద వదలాల్సిందే, సందేహం లేదు. కానీ ఊరికే చెయ్యూపి వదిలెయ్యకుండా, తాడు దగ్గరే ఒక పుస్తకం పెట్టి, పేరూ తండ్రి పేరూ ఊరూ కాంట్రాక్టరు ఎవరో రాయించుకుని పంపాలంటాను. దొంగతనం భయంతో మాత్రమే చెప్పడంలేదు ఈ మాట. వానకి నానిన స్తంభం, తడి తీగె, రెండు రాత్రులుగా నిద్రలేని ఒళ్ళు. పొరపాటున చెయ్యి జారితే, ఎక్కడో పల్లెలో వున్న అతని భార్య పరిహారం కోసం ఆఫీసు మెట్లెక్కుతుంది. అక్కడి గుమాస్తా ఆవిణ్ణి మొదట అడిగేది, నీ భర్త ఆ రోజు ఆ పనిలో వున్నాడని రుజువేమిటమ్మా అని. ఆవిడ చేతిలో అప్పుడు ఏ కాగితం వుంటుంది?