మహామారియందు గృహధర్మము

తన ప్రాణమునకు తాను తెగించువానిని లోకము ధీరుడని మెచ్చుకొనును. కాని తెగించువాడొకడును, ఆ తెగింపువలని నష్టము ననుభవించువాడు వేఱొకడును అయినప్పుడు దానిని ధైర్యమనవచ్చునా? 2020వ సంవత్సరమున కోవిడు వ్యాధి మన గడపలోనికి వచ్చి యీ ప్రశ్ననే యడిగెను. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2023 మే 5వ తేదీన అత్యవసర స్థితి ముగిసినదని ప్రకటించిరి. ప్రశ్న మాత్రము మిగిలియున్నది.

ఆ వ్యాధి సోకినవాడు జ్వరము రాకమునుపే, తానెఱుగకయే, దానిని ఇతరులకు అంటింపగలడు. గాలి యాడని గదులలో ఊపిరివెంట అది వ్యాపించును. వయస్సు పెరిగినకొలది ప్రాణాపాయము మిక్కిలి హెచ్చును. కావున పడుచువానికి నాలుగు దినముల పడిసెముగా పోయినది వాని నాయనమ్మకు మృత్యువు కావచ్చును. 'నాకు భయము లేదు' అను మాట యిట్టిచోట ధైర్యమును తెలుపదు.

2020 మే నెలలో ప్రభుత్వమువారు వివాహములకు 50 మందికి మించరాదని నియమించిరి. మనలో ననేకులు తలలు లెక్కించుటతో ధర్మము తీరినదనుకొనిరి. తలుపులు మూసిన మందిరములోని 50 మందియు, ఇంటిముందటి పందిరిలోని 50 మందియు అంకెకు సమానులే గాని అపాయమునకు సమానులు కారు. శాసనము హద్దు చూపును. విచారణ మనమే చేయవలయును.

భయమును వివేకమని భ్రమించుట రెండవ దోషము. 2020 మార్చిలో కేంద్ర ఆరోగ్యశాఖవారు వెలువరించిన సూచనలయందు, తగిన జాగ్రత్తలతో మృతుని ముఖమును బంధువులు కడసారి చూడవచ్చుననియు, చితాభస్మమువలన అపాయము లేదనియు స్పష్టముగా నుండెను. అట్లుండియు కన్నవారి యస్థులను సైతము ముట్టక విడిచినవారు గలరు. తెలియనిదానికి భయపడుట సహజము. తెలిసికొను మార్గముండగా తెలిసికొనక భయపడుట దోషము.

మేమును నిర్దోషులము కాము. మా తల్లిగారిని మేడమీది గదికి చేర్చి, భోజనమును గుమ్మమునొద్ద నుంచి, మా వివేకమును మేమే మెచ్చుకొంటిమి. పదియవ దినమున ఆమె 'నన్నొక మాట యడిగితిరా?' యనెను. మాయొద్ద సమాధానము లేకపోయెను. ఆమె కోరినదెంత? వసారాలో ఎడముగా కూర్చుండి మనుమరాలు దినమున కొకసారి మాటాడుట. బయటి గాలిలో దానివలని అపాయము స్వల్పము. అడిగియుండినచో మొదటి దినముననే తెలిసియుండును.

'అట్లయిన వృద్ధులు తమకు భయము లేదని సంతర్పణకు పోదుమన్న సమ్మతింపవలయునా?' అని కొందఱు ప్రశ్నింపవచ్చును. వారి సమ్మతి వారి ప్రాణమునకే చెల్లును. వారు జబ్బుపడినచో ప్రక్కన నుండి పరిచర్య చేయునది యెవరు? అది కోడలి పనియని మన యిండ్లలో ఆమె నడుగకయే నిశ్చయింపబడియున్నది. ఆమెకును ప్రాణము కలదు, బిడ్డలు గలరు. పాత్రలు తోము మనిషిని మన యింటికి అపాయమని దూరముంచితిమి. మన మామెకు అపాయమని యెందఱము తలచితిమి? రావలదన్న నెలలకు జీతమిచ్చితిమా?

ఇంటి యజమాని యొక్కడే త్రాసు పట్టి తూచినంతకాలము ఆ తూనిక సరికాదు. వానికి ప్రియమైనది బరువుగను, ఇతరుల కష్టము తేలికగను తోచును. పరిస్థితి మారినప్పుడు మరల తూచుటయు ధర్మమే. 2021 మార్చి 1వ తేదీ మొదలు 60 ఏండ్లు దాటినవారికి టీకాలు వేయసాగినను, నిన్నటి భయముతోనే నేటి తలుపు మూసినవారు వివేకులు కారు.

చదువరులారా! మరల నొక మహామారి రాకపోదు. అది వచ్చిన దినమున ఇంటివారెల్లరును కూర్చుండి, ఎక్కువ అపాయము భరించువారిని ముందుగా మాటాడనిండు. వృద్ధురాలును, కోడలును, పనిమనిషియు చెప్పినది విన్న పిమ్మటనే నిశ్చయింపుడు. అప్పటికిని పొరపాటు జరుగవచ్చును. కాని ఒకరి ప్రాణమును వారి నడుగక పణముగా నొడ్డితిమన్న పాపము మనకంటదు.