తిన్నింటి వాసాలు: గోథిక్ నవలలో అనాథ బాలిక నైతిక హక్కు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలతో సహా తెలుగువారందరికీ తెలిసిన జాతీయం ‘తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం’. ఆశ్రయమిచ్చినవారికి కీడు తలపెట్టేవారిని నిందించడానికి దీనిని వాడుతాం. అయితే బంధువుల పంచన చేరిన అనాథ బాలిక, తన తలపై ఉన్న కప్పు నిలుస్తుందో లేదో తెలుసుకోవడానికి ఆ వాసాలను పరిశీలిస్తే, అదీ కృతఘ్నతే అవుతుందా? ఐరిష్ రచయిత షెరిడన్ లెఫాను 1864లో ప్రచురించిన ‘అంకుల్ సైలస్’ నవల ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కథానాయిక మాడ్ తల్లిలేని పిల్ల. ఆమె పినతండ్రి సైలస్ ఇంట, లోపల గడియ వేసివున్న గదిలో, ఒకప్పుడు ఒక జూదరి శవమై కనిపించాడు. తమ్ముడిపై పడిన నింద తొలగాలన్నది మాడ్ తండ్రి తపన. అందుకోసం త్యాగానికి సిద్ధమేనా అని కూతురిని అడుగుతాడు; ఆ త్యాగమేమిటో మాత్రం చెప్పడు. ఆమె అంగీకరిస్తుంది. ఆయన మరణించాక వీలునామా ప్రకారం మాడ్ సైలస్ సంరక్షణలోకి వెళ్తుంది. యుక్తవయస్సు రాకముందే ఆమె మరణిస్తే ఆస్తి సైలస్‌కు దక్కుతుంది. ఆస్తి ఆశ ఉండి కూడా పిల్లను కాపాడితే అతడు నిర్దోషి అని లోకం నమ్ముతుందన్నది తండ్రి లెక్క. వంశగౌరవానికి బాలిక ప్రాణమే సాక్ష్యమైంది.

చివరకు సైలస్ హత్యాపన్నాగం బయటపడుతుంది కనుక మాడ్ అనుమానం సమర్థనీయమని సులువుగా అనవచ్చు. ఈ సమర్థన చాలదు. నవలలో హంతకుడూ, రుజువూ ఒకే కిటికీ గుండా ప్రవేశిస్తారు. రుజువు దొరికాకే అనుమానించే హక్కు వస్తుందంటే, ఆ హక్కు ప్రాణాపాయం తరువాతే వస్తుంది. మరి సైలస్ నిర్దోషి అయివుంటే మాడ్ కృతఘ్నురాలయ్యేదా?

దీనికి మదనపల్లె చరిత్రలోనే ఒక సమాధానం ఉంది. అక్కడ 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి పదేళ్ల వయస్సులో తల్లిని కోల్పోయారు. 1910లో తండ్రి ఆయనను, తమ్ముడిని అనీబిసెంట్ సంరక్షణకు అప్పగించి, తరువాత తిరిగి ఇప్పించమని దావా వేశారు. వివాదం 1914లో ప్రీవీ కౌన్సిల్‌లో బిసెంట్‌కు అనుకూలంగా ముగిసింది. ఆమె సైలస్ కాదు. ఆ పిల్లలను ప్రేమతో పెంచింది. అయినా రాబోయే జగద్గురువు ఈ బాలుడి ద్వారానే వ్యక్తమవుతాడన్న విశ్వాసానికి అతడినే సాక్ష్యంగా నిలిపింది. 1929లో కృష్ణమూర్తి తనకోసం నిర్మించిన ‘ఆర్డర్ ఆఫ్ ది స్టార్’ను స్వయంగా రద్దు చేశారు. బిసెంట్‌పై ఆయనకున్న ఆదరం మాత్రం తొలగిపోలేదు.

వాసాలు లెక్కపెట్టడం, అన్నం పెట్టిన చేతిని గౌరవించడం పరస్పర విరుద్ధాలు కావని దీనివల్ల స్పష్టమవుతుంది. అయితే కృష్ణమూర్తికి తన నిర్ణయం ప్రకటించడానికి వేదిక ఉంది. మాడ్‌కు చీకట్లో దాగే చోటు మాత్రమే దొరికింది. ఆశ్రితురాలి ప్రశ్నను నేరంగా చూసే ఇల్లు ఆమె నుంచి పొందేది విధేయతే గాని కృతజ్ఞత కాదు. చూడగలిగి, ప్రశ్నించగలిగి, ఆ తరువాత కూడా నిలిచే కృతజ్ఞతకే నైతిక విలువ ఉంటుంది. గోథిక్ నవలలో బాలిక ఎదుగుదలను ఆమె వివాహంతోనో, వారసత్వంతోనో కాక, ఆ ఇంటి కప్పు వైపు ఆమె తొలిసారి తలెత్తి చూసిన క్షణంతో లెక్కించాలి.