“పెద్దదానవు గదా” యను మాటను గూర్చి

మా యింట నిద్దరాడపిల్లలు గలరు. పెద్దదానికి ఏడేండ్లు, చిన్నదానికి నాలుగేండ్లు. వారిద్దరి నడుమ దినమునకు పదిమారులైనను తగవు వచ్చుచుండును. తగవునకు మూలము మిక్కిలి యల్పము. ఒకనాడు ఎఱ్ఱ గ్లాసులో పాలెవరు త్రాగవలెనని, ఒకనాడు కిటికీ ప్రక్కను ఎవరు కూర్చుండవలెనని, ఒకనాడు తల్లి కుడివైపున ఎవరు పరుండవలెనని వ్యాజ్యము. ఈ వ్యాజ్యముల కన్నిటికిని న్యాయాధిపతిని నేనే. చాలకాలము వరకు నా తీర్పొక్కటే: “నీవు పెద్దదానవు గదా, ఇచ్చివేయుము.” ఈ తీర్పునకు సాక్ష్య మక్కరలేదు, విచారణ యక్కరలేదు, చేతిలోని పత్రికనుండి తల యెత్తనక్కరయు లేదు.

ఈ మాట యెన్నడును పలుకని తల్లిదండ్రులు చదువరులలో నుందురని నేననుకొనను. అది మనకు చెడ్డమాటగా తోచదు. త్యాగబుద్ధిని శైశవముననే నేర్పుచున్నామని మన నమ్మకము. పెద్దది యిచ్చివేయగానే “మా బంగారుతల్లి” యని మెచ్చుకొందుము. ఇంటికి వచ్చినవారితో దాని యెదుటనే దాని మంచితనమును వర్ణింతుము. నేనును అట్లే చేయుచుంటిని. ఇది నిజముగా త్యాగమేనా యని నాకు సందేహము కలిగించినది ఒక చిన్న కొయ్యమూకుడు.

పెద్దదాని పుట్టినరోజునకు మా తల్లి ఏటికొప్పాక లక్కపిడతలను కొనియిచ్చెను. వరాహనది యొడ్డున నున్న ఆ గ్రామమున పనివారు మెత్తని అంకుడుకొయ్యను తరిమెన పట్టి, చెట్ల బెరళ్లు, గింజలు, వేళ్లు మొదలగువానినుండి తీసిన రంగులను లక్కలో కలిపి, తిరుగుచున్న కొయ్యకు ఆ లక్కను ఒత్తి పట్టింతురు. రాపిడి వేడికి లక్క కరగి కొయ్య నంటుకొనును. అందుచేత ఆ బొమ్మలను చూచినప్పుడు రంగు పూసినట్లుండక, రంగు కొయ్యతోనే పుట్టినట్లుండును. పొయ్యి, కుండ, తిరుగలి, రోలు, రోకలి, మూకుడు: ఒక చిన్న సంసారమంతయు నా పెట్టెలో నుండెను. మూడవ దినమున చిన్నది వానికై యేడ్చెను. నా తీర్పు సిద్ధముగనే యుండెను. పెద్దది మారుమాటాడక పెట్టెను చెల్లెలి యెదుట నుంచి వెడలిపోయెను. ఆ రాత్రి భోజనమువేళ దాని నెంతగా మెచ్చుకొంటిమో చెప్పజాలను.

వారము దాటిన పిమ్మట మూకుడు కనబడలేదు. చిన్నది రెండుదినము లేడ్చెను. పెద్దది చెల్లెలితోగూడ మంచములక్రింద, తలుపుల సందులలో ఓపికతో వెదకెను. మూడవనాడు నా భార్య పెద్దదాని బడిసంచిని దులుపుచుండగా అడుగున చేతిరుమాలులో చుట్టిన మూకుడు బయటపడెను. నాకు కోపము వచ్చెను. దొంగతనమొకటి, దానిపై వెదకుచున్నట్లు నటనయొకటి. “ఎందుకు దొంగిలించితివి?” అని గద్దించి యడిగితిని. అది కన్నీరు పెట్టలేదు. “అది నాది కాదా, నాన్నా?” అని యడిగెను. ఆ మాటలో ఎదిరింపు లేదు, తెలియకయే యడిగెను. నాకు సమాధానము దొరకలేదు.

మన ధర్మశాస్త్రజ్ఞులు దానమును నిర్వచించుచు, తన స్వత్వమును విడిచి పరునికి స్వత్వమును కలిగించుట దానమనిరి. స్వత్వము ముందు, విడుచుట తరువాత. వస్తువు తనదని నిశ్చయముగా తెలియనివాడు దానిని విడిచినను అది దానము గాదు. చేతిలోనుండి జారిపోవుట మాత్రమే. మఱియు మనుస్మృతి పదునెనిమిది వ్యవహారపదములలో అస్వామివిక్రయము నొకటిగా లెక్కించినది. అనగా సొత్తునకు యజమానుడు కానివాడు ఆ సొత్తును అమ్మివేయుట. ఈ దృష్టితో చూచిన నా యింట జరిగినదేమి? లక్కపిడతల యజమానురాలు ఏడేండ్లపిల్ల. వానిని ఇచ్చివేసినవాడను నేను. నాది కాని సొత్తును ఇచ్చి, అందుకు ప్రతిఫలముగా ఆ సాయంకాలపు నిశ్శబ్దమును నేను పుచ్చుకొంటిని. మెప్పు పిల్లకు, లాభము నాకు. దొంగ యెవరో చదువరులే చెప్పవచ్చును.

ఆ పిల్ల నేర్చుకొన్నదానిని గూర్చి కూడ ఆలోచింపవలసియున్నది. త్యాగమును నేర్పితినని నేననుకొంటిని. అది నేర్చుకొన్నది రెండు విద్యలు: పైకి ఇచ్చుట, లోపల దాచుట. స్విట్జర్లాండు దేశీయుడగు పియాజే పిల్లల నీతిజ్ఞానమును గూర్చి 1932 సంవత్సరమున ప్రకటించిన గ్రంథములో, సుమారు ఏడెనిమిదేండ్ల వరకు పెద్దలు చెప్పినదే న్యాయమని పిల్లలు తలంతురనియు, అటుపైని సమానత్వమును కోరుదురనియు, పదునొకండు పండ్రెండేండ్లకు గాని పరిస్థితులను బట్టి న్యాయమును తూచుట నేర్వరనియు వ్రాసెను. ఏడేండ్లనగా నా కుమార్తె ఆ మొదటి గడపమీద నిలుచున్నది. నా మాటయే న్యాయమని అది నమ్ముచున్న కడపటి దినములవి. ఆ నమ్మకమును నేను పత్రిక చదువుకొనుటకై ఖర్చు చేసికొంటిని.

పెద్దవారికి విధియే లేదా, ఇట్లు పెంచిన పిల్లలు స్వార్థపరులు గారా యని కొందరడుగవచ్చును. విధి గలదు. చిన్నది జ్వరముతో నున్నప్పుడు తల్లి యొడి దానిదే, పెద్దది తొలగవలసినదే. అయితే అక్కడ తొలగించుచున్నది జ్వరము, వయస్సు గాదు. పెద్దదానికి జ్వరము వచ్చినప్పుడు చిన్నది తొలగినచో ఆ న్యాయము నిలుచును. లేనిచో అది న్యాయము గాదు, వాడుక. కిటికీ ప్రక్క చోటు ఇద్దరికిని పొత్తు గనుక వంతుల ప్రకారము నడచును. ఒకరి సొంత వస్తువునకు వంతు లెక్కడివి? అడుగుట గలదు, ఒప్పుట గలదు, కాదనుటయు గలదు. ఆ మూడవదానిని మన యిండ్లలో ఆడపిల్లకు ఎవరును నేర్పరు.

ఈ మూకుడు సంగతిని నేను ఫోనులో మా అక్కతో వినోదముగా చెప్పితిని. ఆమె నవ్వునని యనుకొంటిని. ఆమె నవ్వక, “తుదకు మూకుడు ఎవరికిచ్చితివిరా?” అని యడిగెను. “చిన్నదానికే” అంటిని. ఆమె ఆ మాట విడిచి పిల్లల చదువుల మాట యెత్తెను.

మా అక్క నాకంటె ఆరేండ్లు పెద్ద. మా యింట కూడ తీర్పొక్కటే యుండెను. అప్పుడు చిన్నవాడను నేను. ఆ తీర్పువలన నాకు వచ్చిన వస్తువులను నేనెన్నడును లెక్కింపలేదు, నావియే యనుకొంటిని. 2012వ సంవత్సరమున మా తండ్రి గతించెను. తాతలనాటి యిల్లు మిగిలెను. మితాక్షర పద్ధతిలో పుట్టుకచేత వచ్చు హక్కు పూర్వము కుమారునిదే. మన రాష్ట్రమున 1985 సెప్టెంబరు 5వ తేదీనుండి, అప్పటికి వివాహము కాని కుమార్తెలకు ఆ హక్కు చట్టముచే వచ్చెను. 2005 సెప్టెంబరు 9వ తేదీనుండి దేశమందు దాదాపు అంతటను, వివాహితలకు గూడ వచ్చెను. అది పుట్టుకతోడి హక్కే యని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు స్పష్టపఱచెను. ఇంటిలో నాతో సమానమైన భాగము మా అక్కదని 2012లోనే చట్టము చెప్పుచుండెను. ఆమె రిజిస్ట్రారు కార్యాలయమునకు వచ్చి, హక్కు విడుదల పత్రముమీద సంతకము చేసి, వ్రేలిముద్ర వేసి, “నాకెందుకురా, తమ్ముడూ” అని చెప్పి ఆ సాయంకాలపు రైలులోనే వెడలిపోయెను. ఆ దినమున బంధువులందరును ఆమెను మెచ్చుకొనిరి. అందరికంటె నెక్కువగా మెచ్చుకొన్నవాడను నేను. నీకు వలదా యని యొక్కమారైనను అడిగితినా యని ఇప్పుడు జ్ఞాపకము చేసికొనుచున్నాను. అడుగలేదు.

ఆమె నిండుమనస్సుతోనే యిచ్చియుండవచ్చును. అట్టి మనస్సు గలవారు లోకమున నున్నారు. కాని కాదనుటకు చోటులేని తావున అవుననుటను నేనెట్లు తూచగలను?

మూకుడును తిరిగి పెద్దదానికిచ్చితిని. పెట్టెయంతయు దానిదేననియు, చెల్లెలు అడిగి తీసికొనవలెననియు, ఇచ్చుటయు మానుటయు దాని యిష్టమనియు చెప్పితిని. మొదటి దినమున అది ఇయ్యనని చెప్పెను. చిన్నది గంటసేపు నేలపైబడి యేడ్చెను. ప్రక్కయింటివారు వచ్చి కారణ మడిగిరి. రెండవదినమును ఇయ్యలేదు. నాలుక చివరకు పాతతీర్పు వచ్చినది, అతికష్టముమీద మ్రింగుకొంటిని. అయిదవ దినమున తిరుగలి నిచ్చెను, సాయంకాలము తిరిగి యడిగి పుచ్చుకొనెను. రోకలి యిప్పటికిని ఇయ్యదు. ఈసారి మెచ్చుకొనవలదని నా భార్యయు నేనును ఒడంబడితిమి.

విడుదల పత్రము మా బీరువాలో పై యరలో నున్నది. సంక్రాంతికి అక్క పిల్లలతో వచ్చునని జాబు వచ్చినది. ఇంటి సంగతి యెత్తవలెనని నిశ్చయించుకొంటిని గాని, ఏ మాటతో మొదలుపెట్టవలెనో యింకను తోచలేదు.